ఎవరి తొట్టి వాళ్ళది

పార చిన్నాడి నెత్తిన పడాల్సింది. వాడు వంగబట్టి గోడకి తగిలింది. ఇంత పెచ్చు ఊడిపడింది.

"ఏం కలిపావురా నా పందుల మేతలో?" పెద్దాడు మళ్ళీ పార ఎత్తాడు. "చెప్పు, లేకపోతే ఇక్కడే పాతేస్తా!"

"నేనెందుకు కలపడం? నీ సోయా చాలదూ వాటిని పాడు చెయ్యడానికి!"

ఇద్దరి మధ్యా సిమెంటు నేల మీద పందిపిల్లలు నెత్తుటి ముద్దల్లా పడున్నాయి. పెద్దాడి తొలిచూలు పంది పొద్దున్నే ఈని, ఒక్కోదాన్నీ నోట కరిచి, విదిలించి చంపేసింది. గోడ అవతల చిన్నాడి పంది మాత్రం మహారాణిలా పక్కకి వాలి పిల్లలకి పాలిస్తోంది.

"ఒరేయ్, ఆగండ్రా! మీకు దణ్ణం పెడతా!" గుమ్మంలోంచి తల్లి అరిచింది. వినేదెవరు?

తండ్రి పోయిన దగ్గర్నుంచీ అన్నదమ్ముల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఈనే పందికి ప్రొటీన్ మేత కావాలన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట. అది ఏ మేతన్న దగ్గరే జుట్లు పట్టుకుంటారు. నాన్న వాడిన సోయా చెక్కని మించింది లేదంటాడు పెద్దాడు. బఠాణీ పిండీ, పొద్దుతిరుగుడు చెక్కా చాలంటాడు చిన్నాడు.

ఆ గోల పడలేక తల్లే తీర్పు చెప్పింది. షెడ్డుకి నడిమి గోడ. ఇటు సోయా, అటు బఠాణీ. ఎవడి పందులు బాగా ఈనితే పెత్తనం వాడిది. రెండోవాడు నోరు మూసుకుని వాడి కింద పనిచెయ్యాలి. ఇష్టం లేకపోతే తట్టాబుట్టా సర్దుకోవాలి.

ఒకడి చేతిని ఒకడు నమ్మడు కాబట్టి మేత పెట్టే పని తల్లి నెత్తినే పడింది. మేతగది తాళంచెవి ఆవిడ నడుము దిగేది కాదు. చిన్నప్పుడూ అంతే. ఈ వెధవలిద్దరూ పాలగ్లాసులు పక్కపక్కన పెట్టుకుని, చుక్క తేడా లేదని తేల్చుకున్నాకే తాగేవాళ్ళు.

పందులు చూలు కట్టాక ఇద్దరూ షెడ్డులోనే తిష్ట వేశారు. పెద్దాడు తన తొట్టిలో ముక్కు పెట్టి, "సోయా కమ్మదనమే వేరమ్మా!" అనేవాడు. చిన్నాడు తన పంది వీపు నిమిరి, "చూశావా నిగనిగ? అంతా బఠాణీ మహిమ!" అనేవాడు. తల్లి ఇద్దరికీ "అవున్రా" అనేది.

ఇవాళ చిన్నాడు నవ్వాడు. అక్కడే వచ్చింది చావు.

"పిల్లల్ని పీక్కుతినే పందుల్ని పెంచావు. ఇంకేం పెత్తనం రా నీకు? రేపట్నుంచి నా షెడ్డు కడుగు."

ఈసారి పార గురి తప్పలేదు. చిన్నాడి చెంప చెవిదాకా చీలిపోయింది. వాడు పడుతూ పడుతూ అన్న కాళ్ళు పట్టి లాగాడు. ఇద్దరూ రొచ్చులో దొర్లారు. పిడిగుద్దులు, కొరుకుళ్ళు, బూతులు. చిన్నాడి జేబులో పందిపిల్లలకి బొడ్డు కోసే కత్తి ఉంది. అది వాడి చేతిలోకి వచ్చింది.

తల్లి ఇద్దరి మధ్యా దూరింది. ఎవడి మోచెయ్యో మూతికి తగిలి ముందు పళ్ళు కదిలిపోయాయి.

"నువ్వే సాక్షివి! చెప్పమ్మా!" తమ్ముడి గొంతు నులుముతూ పెద్దాడు అరిచాడు. "నా తొట్టిలో నీ చేత్తో ఏం పెట్టావో చెప్పు!"

ఆవిడ నోరు తెరిచింది. నెత్తురే వచ్చింది, మాట రాలేదు. ఈలోపే కత్తి పెద్దాడి కడుపులో దిగిపోయింది.

మధ్యాహ్నానికి పెద్దాడు మార్చురీలో ఉన్నాడు, చిన్నాడు బేడీలతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పోలీసులు వెంట తెచ్చిన పశువుల డాక్టరు చచ్చిన పిల్లల్ని తిరగేసి చూశాడు.

"కలపడం గిలపడం ఏం లేదమ్మా. తొలి కాన్పు. బెదిరిపోయి కొన్ని ఇలా చంపుకుంటాయి. మేతకీ దీనికీ సంబంధం లేదు."

"తెలుసు బాబూ," అంది తల్లి.

అందరూ వెళ్ళిపోయారు. పొద్దుటి నుంచీ తిండి లేక పందులు గేట్లు గుద్దుతున్నాయి. కొడుకు చచ్చాడని వాటికేం తెలుసు? ఆవిడ గోడ పట్టుకుని లేచింది. నడుము నుంచి తాళంచెవి తీసి మేతగది తెరిచింది. పెద్దాడి సోయా మూట ఒకటి ఈడ్చింది. చిన్నాడి బఠాణీ మూట ఒకటి ఈడ్చింది.

ఏ కొడుకూ ఓడిపోకూడదని మొదటి రోజు నుంచీ చేస్తున్నట్టే, రెండు మూటలూ ఒకే కుప్పగా పోసి, బాగా కలిపి, రెండు తొట్లలోనూ చెరిసగం వేసింది.