మునసబు ఇంటి పొట్టేలు

పెద్దమ్మ గుడి ముందర మూడు చెంబుల పసుపు నీళ్లు పోసినా పొట్టేలు ఒళ్లు విదిలించలేదు. అది విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అంతవరకూ కత్తి ఎత్తకూడదు.

"ఆచారం తెలిసిన మనిషి మాదిరి బిగబట్టుకోని నిలబడ్డాది," అన్నాడు పూజారి. "పోయినేటి పొట్టేలు గూడా ఇట్లనే సతాయించింది. మునసబయ్య వచ్చినాక చూద్దామా అమ్మా?"

"ఆయన కచేరీ పనిమీద కడపకు పోయినాడు. ఇప్పట్లో రాడు," అంది మునసబు భార్య ఓబులమ్మ. "ఆ చెంబు ఇట్లియ్యి."

ఆమె పక్కన కూర్చోగానే పొట్టేలు ఆమె కొంగును నోట కరిచి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి, ప్రేమగా పెంచుకున్నదేమోనని ఆడవాళ్లు జాలిపడ్డారు.

ఓబులమ్మ దాని చెవి దగ్గరికి వంగింది.

"పోయినేడు నా సుంకన్న గూడా ఇట్లనే ఓర్చుకున్న్యాడు. చెవిలో నీళ్లు పోస్తే ఏ పొట్టేలూ విదిలించకుండా ఉండలేదని పూజారికి చెప్పింది నువ్వే గదా. ఆ కూర నా విస్తట్లో వడ్డించినాక, నేను మనసుపడినోన్ని నువ్వే పసరు తాపి పొట్టేలును చేసినట్టు నవ్వుతా చెప్పినావు."

కొంగు మెల్లగా విడిపించుకుంది.

"అటక మీద నువ్వు దాచిన పసరు, ఒక మనిషికి సరిపోయేంత మిగిలింది. నిన్న నీ మజ్జిగలో కలిపినాను."

చెంబులో నీళ్లన్నీ చెవిలోకి ఒంపింది.

మునసబు ఒళ్లు విదిలించాడు.