డాక్టరమ్మ వచ్చే లోపల

ఆసుపత్రి వరండాలో ముత్యాలయ్యకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడొక సాయిబు.

"తమ్ముడా, డాక్టరమ్మ వచ్చే లోపల ఒక్క మాట నేర్చుకో."

తడిగుడ్డ పట్టుకుని భార్య దగ్గరికి పోతున్న ముత్యాలయ్యకు చిరాకు వేసింది.

"ఏం మాట?"

"ఐ డోంట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ టెల్ ఎగైన్."

నెరిసిన గడ్డం మనిషి. ఎక్కం అప్పజెప్పినట్టు కళ్ళు మూసుకుని చెప్పాడు.

వరండాలో కూర్చున్న వాళ్ళు నవ్వారు. ఆయన పేరు మౌలా అట. అక్కడందరూ ఇంగ్లీషు సాయిబు అంటారట. దొరల దేశం నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మకు ఇంకా తెలుగు రాలేదు. అందుకని రోగుల వెంట వచ్చిన వాళ్ళందరి దగ్గరా కూర్చుని ఈ మాటే వల్లె వేయిస్తాడట.

"నేను ఎస్సెల్సీ చదివినాను సాయిబూ. మా ఊళ్ళో ఎవరికి టెలిగ్రాం వచ్చినా నేనే చదివి చెప్తా. అర్థం కాలేదని చెప్పడం నాకు నేర్పిస్తావా?"

"చదవడం వేరు తమ్ముడా. ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడతా ఉంటే అది వేరే."

ఇంకెవరికన్నా నేర్పుకోమని చెప్పి ముత్యాలయ్య ముందుకు పోయాడు.

ఇందిరమ్మ మంచం మీద మెలికలు తిరుగుతోంది. ముందురోజు మొదలైన కడుపునొప్పి. ఇందుకూరుపేట అవతల నుంచి ఎడ్లబండి కుదుపుల్లో వచ్చేసరికి మనిషి సగమైంది. తలాపున అత్త, ముత్యాలయ్య తల్లి పెంచలమ్మ కూర్చుని నుదురు నిమురుతోంది.

కిటికీలోంచి ఎండ సరిగ్గా ఇందిరమ్మ ముఖం మీద పడుతోంది. మౌలా వచ్చి, ఏమీ మాట్లాడకుండా, తన భుజం మీది తువ్వాలు తీసి కిటికీకి కట్టాడు.

అంతలో డాక్టరమ్మ వచ్చింది.

తెలుగు తెలిసిన నర్సు కాన్పుల గదిలో చిక్కుకుపోయింది. డాక్టరమ్మ ఇందిరమ్మ పొట్ట నొక్కి చూసి, ముత్యాలయ్య వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

పుస్తకంలో కుదురుగా నిలబడే మాటలు ఆమె నోట్లోంచి వడగళ్ళలాగా రాలాయి. ఆపరేషన్ అన్నది అందింది. ఈవెనింగ్ అన్నది అందింది. ఆ తరువాత వేలు చూపించి ఏదో గట్టిగా చెప్పింది. అది అందలేదు.

తల్లి తన ముఖంలోకే చూస్తోంది. వార్డంతా చూస్తోంది. డాక్టరమ్మ వెనక నిలబడిన మౌలా, చెప్పు చెప్పు అన్నట్టు పెదవులు కదిలిస్తున్నాడు.

పెద్దవాళ్ళు చెబుతుంటే చేతులు కట్టుకుని సరేనండీ అనడమే ముత్యాలయ్యకు తెలిసిన మర్యాద. అర్థం కాలేదంటే వాళ్ళకు చెప్పడం చేతకాలేదన్నట్టు. పైగా తనకు ఇంగ్లీషు రాదన్నట్టు.

"ఎస్, డాక్టర్," అన్నాడు తల వంచి.

ఆమె మళ్ళీ ఏదో అడిగింది.

"ఎస్, డాక్టర్."

డాక్టరమ్మ తృప్తిగా అతని భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఏమన్నదని తల్లి అడిగింది. సాయంత్రం ఆపరేషనని, భయపడొద్దన్నదని చెప్పాడు. రెండోది అతనే కలిపాడు.

పెంచలమ్మ కళ్ళు తుడుచుకుని గిన్నె మూత తీసింది. ఖాళీ కడుపుతో కోడలిని కత్తి కిందికి పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. మజ్జిగన్నం మెత్తగా పిసికింది.

"వద్దత్తా. సయించడం లేదు."

"రెండు ముద్దలు తిను తల్లీ. కోత తట్టుకోవాలంటే బలం వద్దా?"

అత్త బాధ చూడలేక ఇందిరమ్మ నోరు తెరిచింది. పొలమారితే మౌలానే పరుగున పోయి కూజాలోంచి చల్లటి నీళ్ళు తెచ్చి తాగించాడు. ఆమె ఆయన వైపు చూసి కొంచెం నవ్వింది కూడా.

సాయంత్రం ఆపరేషన్ గది తలుపు దగ్గర డాక్టరమ్మ మరొకసారి ఏదో అడిగింది. ముత్యాలయ్య మరొకసారి వినయంగా తల ఊపాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి గోడకు ఆనుకుంది.

"ఎవరు పెట్టినారు ఆమెకు అన్నం?"

జవాబు కోసం ఆగకుండా నర్సే చెప్పింది.

"మత్తు ఇచ్చినాక తిన్నదంతా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యొద్దని నీకు చెప్పిందంట గదయ్యా?"

పెంచలమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. కొడుకును ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ముత్యాలయ్య తల్లి వైపు చూడలేకపోయాడు. వరండా చివర నిలబడిన మౌలా కనిపించాడు. పోయి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"నీకు ఇంగ్లీషు వచ్చు గదా. ఆమె చెప్పిందంతా వెనకే నిలబడి వింటివి. విని కూడా నీళ్ళు తెచ్చి పోస్తివే. నాకొక్క మాట చెప్పకూడదా సాయిబూ?"

మౌలా ఆ చేతిని విడిపించుకోలేదు. ఏదో చెప్పబోయాడు. కళ్ళ నీళ్ళు గడ్డంలోకి జారాయి.

వార్డు ఆయా కామమ్మ వచ్చి ముత్యాలయ్య వేళ్ళు మెల్లగా విడదీసింది. అతన్ని పక్కకు తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టింది. చాలాసేపు వీపు నిమురుతూ ఉండిపోయింది.

"ఆయనకేం ఇంగ్లీషు వచ్చు నాయనా, పరుపులు కుట్టుకునే మనిషి," అంది చివరికి. "పోయిన వానల్లో బిడ్డను జ్వరంతో ఈడనే చేర్చి, డాక్టరమ్మ ఏం చెప్పినా ఎస్సమ్మా ఎస్సమ్మా అన్నాడు, ఆ పిల్ల పోయినాక నర్సమ్మను బతిమాలి ఆ ఒక్క మాటా నేర్చుకున్నాడు."