బురుల్ టీచరు శిష్యురాలు

“నాకెవరి సాయమూ అక్కర్లేదమ్మాయ్. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. నిద్రపోవడం ఇంకొకళ్లు నేర్పాలా?”

బురుల్ నర్సు ఇచ్చిన కాగితాన్ని బల్ల మీదికి తోసేసింది. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స ముగిసి ఏడాదైంది. జుట్టు తిరిగొచ్చింది, నిద్రే రాలేదు. జబ్బు నుంచి బయటపడినవాళ్లే ఒకరికొకరు తోడుండే బృందంలో చేరమని కారకోల్ ఊరి ఆసుపత్రి నర్సు చోల్పోన్ నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

“పోనీ, మీరే ఒకావిడకి సాయం చెయ్యండి టీచరమ్మా. పేరు సైకాల్. నారిన్ ఊళ్లో ఉన్ని ముక్కలు కలిపి తివాచీలు కుడుతుంది. ఆవిడకీ మీ జబ్బే వచ్చి తగ్గింది, నిద్రే పట్టట్లేదు. గట్టిగా చెప్పేవాళ్లు కావాలి.” చోల్పోన్ నిద్ర గురించిన ఓ చిన్న పుస్తకం చేతిలో పెట్టింది. “ఇందులో ఉన్నవి చెప్తే చాలు.”

గట్టిగా చెప్పడమంటే బురుల్‌కి ఎప్పుడూ ఇష్టమే. రోజూ సాయంత్రం నాలుగింటికి సైకాల్‌తో ఫోన్.

“భోజనం అయ్యాక ఐదు గిన్నెల టీ తాగుతాను టీచరమ్మా. తప్పా?”

బురుల్ పుస్తకం తిప్పింది. “తప్పే! మధ్యాహ్నం పన్నెండు దాటాక చుక్క ముట్టకు.” తన చేతిలో ఉన్న ఆరో గిన్నెను చూసుకుని పక్కన పెట్టేసింది.

“నిద్ర పట్టకపోయినా పక్క మీదే ఉండాలా?”

“ఎందుకూ, దూలాలు లెక్కపెట్టడానికా? లేచి వేరే గదిలో కూర్చో. కళ్లు మూతలు పడ్డాకే పక్క ఎక్కు. పొద్దున మాత్రం ఆరింటికి లేవాల్సిందే.”

“మీరూ అంతేనా?”

“మరి?” అంది బురుల్. శిష్యురాలికి అబద్ధం చెప్పడం మనసొప్పక, ఆ రోజు నుంచి తనూ అలాగే చేసింది.

మూడో వారంలో సైకాల్ గొంతు తగ్గించింది. “ఏ చిన్న నొప్పి వచ్చినా అది మళ్లీ వచ్చిందేమోనని గుండె జారిపోతుంది. మీకెప్పుడూ అలా ఉండదేమో.”

బురుల్ పుస్తకం తెరవలేదు. “నాకూ అంతే సైకాల్,” అంది. మొగుడితో కూడా అనని మాట అది. ఇద్దరూ ఏడ్చారు. ఇకపై ఎవరి భయం వాళ్లు నాలుగింటికే చెప్పేసుకోవాలని, పక్క మీదికి తీసుకెళ్లకూడదని ఒప్పందం చేసుకున్నారు.

ఆరో వారంలో ఓ పొద్దున, ఐదున్నరైనా ఇంకా లేవలేదేమిటని మొగుడు కంగారుపడి బురుల్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

ఆ రోజే ఆమె ఆసుపత్రికి వెళ్లింది. “నీ సైకాల్‌ని దారిలో పెట్టేశాను. నిన్న ఏడు గంటలు నిద్రపోయిందట. మొండిదే, కానీ నా ముందా!”

“మీరు కాబట్టి సాధించారు,” అంది చోల్పోన్. ఆమెను గుమ్మం దాకా సాగనంపి వచ్చి, నారిన్‌కి ఫోన్ చేసింది.

“టీచరమ్మ ఇప్పుడే వెళ్లింది అక్కా. మొహం కళకళలాడుతోంది.”

“ఇలా శిష్యురాలినై ఇప్పటికి పదిమందిని నిద్రపుచ్చాను, పదకొండో ఆవిడ నంబరు చెప్పు,” అంది సైకాల్.