రోడ్డు దాటని నవల

"ఉరకొద్దు సారూ, యెనుకకు జూడొద్దు, నా చెయ్యి ఇడువొద్దు," అంటూ, ఖాళీ బిందె చంకన పెట్టుకున్న దానమ్మ ధర్మేందర్‌ను మేడ్చల్ హైవే మీదికి లాక్కుపోయింది.

అవతలి బస్టాపుకు దాటలేక గంట నుంచి నిలబడ్డ ఈ ధర్మేందర్ సామాన్యుడు కాడు. పదిమందిని మృత్యుక్రీడలోకి దింపి, ఒక్కొక్కరినే హడలగొట్టి చంపుతూ మూడొందల పేజీల నవల రాసిన మొనగాడు.

నడుమ డివైడర్ మీద ఆగగానే, ముక్కుకు రాసుకుంటున్నట్టుగా ఒక లారీ దూసుకుపోయింది. ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని అతడు మాట కలిపాడు.

"నా నవలల గూడ గిట్లనే రూల్సుంటయమ్మా. ఆట ఆడినోళ్లల్ల తొమ్మిదిమంది సస్తరు."

"రోడ్డు పెద్దగ జేసినంక మా బస్తీల పదకొండుమంది వోయిండ్రు," అంది దానమ్మ తాపీగా. "మీ ఆటల గెలిచినోళ్లకు ఏం దొరుకుతది?"

"పానం దక్కుతది."

"గంతేనా? మాకు బిందెడు నీళ్లు గూడ దొరుకుతయి."

అవతలికి చేరాక, ఆమె రోడ్డు పక్కనున్న బోరింగు కొట్టి బిందె నింపుకుంది. అప్పుడు ధర్మేందర్ భుజం తడుముకున్నాడు. నవల ఉన్న సంచీ లేదు. బయల్దేరిన చోటే, కల్వర్టు గోడ మీద మర్చిపోయాడు.

"అయ్యో, నా నవల!"

దానమ్మ బిందె నెత్తికెత్తుకుని చెయ్యి చాపింది. "నేనెట్లయినా వాపస్ పోతున్న. రాండ్రి సారూ, తెచ్చుకుందురు."

ధర్మేందర్ వచ్చే లారీలను చూశాడు. గోడ మీది సంచీని చూశాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"పోనీయమ్మా. అండ్ల భయపడేటంత ఏం లేదు."