తొమ్మిదో పొలం

షిరీన్ కంప్యూటర్లో ఐదోసారి గణాంకాల మోడల్ నడిపింది. ఐదోసారీ తప్పే. తెర మీద పదకొండు చుక్కలు బుద్ధిగా గీత పక్కనే ఉన్నాయి. పన్నెండోది మాత్రం ఎక్కడో పైనెక్కి కూర్చుంది. అది తొమ్మిదో పొలం, పేరయ్యది.

పర్చూరు దగ్గర పన్నెండు మిరప తోటలు. రెండేళ్ళ కిందట, మిర్చికి ధర ఉన్నప్పుడు రాసుకున్న జాబితా. రోజూ పావుగంటలో పూత మీద ఎన్ని తేనెటీగలు వాలాయో లెక్కపెట్టాలి. పేరయ్య తన చేను తనే చూసుకుంటాడు. మిగతా పదకొండూ ఆమె జీతానికి పెట్టుకున్న కోటేష్ చూస్తాడు. గుంటూరులో కూర్చున్న షిరీన్‌కి అంకెలు వాట్సాప్‌లో వస్తాయి. కోటేష్‌వి పన్నెండు, పద్నాలుగు, పదమూడు. పేరయ్యవి నలభై, యాభై రెండు, నలభై ఏడు.

అంకెలకి లాగ్ తీసింది, మోడల్లో సూత్రం మార్చింది. ఆ చుక్క లొంగితేగా. సోమవారానికి థీసిస్ ఇవ్వకపోతే ఐదేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే.

"ఆ ఒక్క పొలం తీసెయ్ షిరీన్," అన్నారు గైడు హెలెన్ గారు. "లెక్క రానివాడి కోసం డాక్టరేట్ ఆపుకుంటావా?"

మనసొప్పక పేరయ్యకి ఫోన్ చేసింది.

"పేరయ్య గారూ, నిజంగా చేలోకి వెళ్ళే రాస్తున్నారా?"

"అదేం మాటమ్మా. రోజూ గట్టు మీద నిలబడే రాస్తన్నా."

"మరి పక్క తోటలకి మూడింతలెలా వస్తాయండీ? ఊళ్ళో తేనెటీగలన్నీ మీ చేనుకే వస్తాయా?"

"నా చేనుకే వస్తయ్. ఒక్కసారి వచ్చి చూడమ్మా. అబద్ధాలాడే వయసా నాది?" అన్నాడు ముసలాయన.

అంత తీరిక ఎక్కడిది? తొమ్మిదో పొలాన్ని తీసేసింది. మోడల్ కందెన వేసిన బండిలా కదిలింది. 'లెక్కించిన వ్యక్తి నమ్మదగినవాడు కానందున తొలగించాం' అని చివర్లో ఒక ముక్క రాసింది. కృతజ్ఞతల్లో కోటేష్ పేరు మొదట వేసింది.

సోమవారం థీసిస్ ఇచ్చేసింది. వైవాలో చూపించడానికి తోటల ఫోటోలు కావాలని మంగళవారం పర్చూరు బస్సెక్కింది. కోటేష్ ఫోన్ స్విచాఫ్. తప్పక పేరయ్య ఇంటికే వెళ్ళింది. ఆయన మంచినీళ్ళిచ్చాడు. చేను దాకా తీసుకెళ్ళాడు. పూత మీద తేనెటీగలు ముసిరి ఉన్నాయి.

"కోటేష్ గారు లెక్కపెట్టిన తోటలు ఎటువైపండీ?"

పేరయ్య చెయ్యెత్తి చూపించాడు.

చుట్టూ పదకొండు చేలలోనూ పొగాకే ఉంది.