గేటు తీయించే ఈల

లాస్య బ్యాగులో సర్దుకున్న బట్టలన్నీ లీలావతమ్మ బయటికి తీసి, మళ్లీ మడతపెట్టి సర్దుతోంది.

"ఛార్జరు పెట్టుకున్నావా? మంచినీళ్లు?"

"వెళ్తోంది గుడివాడేనండీ మామ్మగారూ, చంద్రమండలానికి కాదు."

"దగ్గరే కదా అనుకుంటేనే నాకు భయం."

పిట్టల పాటల మీద పరిశోధన చేస్తున్న లాస్య, పెదపారుపూడి పక్కనున్న ఈ ఊళ్లో, లీలావతమ్మ మేడ గదిలో అద్దెకు దిగి మూడు రోజులైంది. పని మాత్రం తేలలేదు. ఈ పెరట్లోని నలుపూ తెలుపూ నలంచి పిట్టలు పాట చివర నాలుగు స్వరాలు అదనంగా పాడుతున్నాయి. గుడివాడలో గానీ, బందరులో గానీ ఏ నలంచీ అలా పాడదు. ఆ స్వరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తేల్చకపోతే మూడేళ్ల శ్రమ వృథా.

"పిట్టలకి పాట పుట్టుకతో రాదూ?" అంది డెబ్బై దాటిన లీలావతమ్మ.

"గొంతే వస్తుందండీ. పాట తండ్రి దగ్గర వినాలి. పిల్ల కొన్నాళ్లు ఊరికే వింటుంది. తర్వాత ఏదో గొణుగుతుంది. చివరికి అచ్చం నాన్నలా పాడుతుంది. వినండి."

"నాకు సన్న చప్పుళ్లు వినపడి చాలా ఏళ్లయిందమ్మాయ్."

లాస్య ఫోన్లో రికార్డింగు వేగం బాగా తగ్గించింది. కీచుమనే పాట మనిషి ఈలలా సాగింది. చివరి నాలుగు స్వరాలు వినగానే లీలావతమ్మ గబగబా వెళ్లి గేటు గడియ తీసింది.

"ఎవరొచ్చారు?"

ఆమె రోడ్డు అటూ ఇటూ చూసి, గడియ వేసి వచ్చింది.

"అది మా ఆయన ఈల. దొరగారు సైకిలు దిగరు. ఈలేస్తే నేను పరిగెత్తుకెళ్లి గేటు తీయాలి."

లాస్య కళ్లు మెరిశాయి. "ఈ పిట్టలు పదేళ్లు బతికితే గొప్ప. ఆయన రోజూ ఈలేస్తుండబట్టే ఏ తరమూ మర్చిపోలేదన్నమాట! ఒక్కసారి ఆయన ఈల రికార్డు చేసుకుంటే నా పని అయిపోయినట్టే. దేవదానంగారు ఊరెళ్లారన్నారుగా, ఎక్కడికి?"

"దివిసీమ. కోడూరు. నేనే సంచి సర్దిచ్చాను. ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం పొద్దున్నకల్లా వస్తానన్నారు."

"ఇవాళ శనివారమేగా. ఉంటానండీ."

లాస్య బ్యాగు జిప్పు లాగి బట్టలు మంచం మీద పెట్టసాగింది. లీలావతమ్మ వద్దనలేదు.

"ఆ ఫోన్లోది ఇంకోసారి పెట్టమ్మాయ్," అంది.

1977 నవంబరు 19న, ఉప్పెన రోజున కోడూరు వెళ్లిన దేవదానం తిరిగి రాలేదు.