అయిదో గ్లాసు

"అయిదో గ్లాసా? మీరు తప్ప ఈ గదిలో ఒక్కరు కూడా దానికి పెద్ద మార్కు వెయ్యలేదు జోసెట్ గారూ!"

కొరెంతెన్ మార్కుల కాగితాలు బల్ల మీద పరిచి చూపించాడు. ఇద్దరు ఒకటో గ్లాసుకి వేశారు, ఇద్దరు నాలుగోదానికి వేశారు.

"వెయ్యకపోతే అది వాళ్ళ ఖర్మ. ఈ ఏడాది వైన్ అయిదోదే," అంది జోసెట్.

ద్రాక్షరైతుల సహకార సంఘంలో ఏటా ఫిబ్రవరిలో జరిగే తంతే ఇది. ఆరు తొట్లలోని ఎర్ర వైన్ రుచి చూసి, ఒకదాన్ని ఊరి రోజువారీ వైన్‌గా ఎంచుతారు. సీసా మూడు యూరోలు. ఏడాది పొడుగునా ప్రతి ఇంట్లో భోజనం బల్ల మీద ఉండేది అదే. రుచి చూసేది అయిదుగురు. మాట కుదరకపోతే పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పిందే ఖాయం. ఆ కుర్చీ ముప్ఫై ఒక్కేళ్ళుగా జోసెట్‌ది. మొగుడు పోయాక, పిల్లలు లేక, ఆవిడకు ఊళ్ళో మిగిలిన గౌరవమంతా ఆ కుర్చీలోనే ఉంది.

కొరెంతెన్ వైన్ చదువు చదివి మొన్న శరదృతువులో సంఘంలో ఉద్యోగానికి చేరాడు. పెద్దవాళ్ళంటే మర్యాద ఉన్నవాడే, కానీ లెక్క తప్పితే ఊరుకోడు.

"కోపం తెచ్చుకోకండి. మీకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆ వయసుకి ఎవరికైనా ముక్కు మందగిస్తుంది. ఆ కుర్చీ మోనిక్ గారికి ఇచ్చేసి, మీరు హాయిగా..."

"హాయిగా ఇంట్లో కూర్చుని గోడలు చూసుకోనా?" జోసెట్ చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఆపిల్ కల్లు తాగే ఊళ్ళో పుట్టినవాడివి, నాకు ఎర్ర వైన్ నేర్పుతావా నాయనా?"

గస్తోన్ పకపకా నవ్వాడు. నలభై ఏళ్ళుగా ద్రాక్ష పండిస్తున్న మనిషి, జోసెట్‌కి పక్కింటివాడు. మాంసం కొట్టు మోనిక్ మాత్రం నవ్వలేదు. జోసెట్ తెచ్చిన ఉల్లిపాయల రొట్టె బుట్టను పొద్దున్నే తీసుకెళ్ళి బయట వసారాలో పెట్టి వచ్చింది ఆవిడే. తిండి వాసన గదిలో ఉండకూడదని చెప్పింది.

"అయితే పరీక్ష పెట్టుకుందాం," అన్నాడు కొరెంతెన్. "అవే ఆరు వైన్లు, వరస మారుస్తాను. ఏది ఎక్కడుందో నాకొక్కడికే తెలుస్తుంది. ఇందాకటి అయిదోదాన్ని మళ్ళీ పట్టుకోండి చూద్దాం."

"పట్టుకోలేకపోతే కుర్చీ నీ చేతికే ఇచ్చి పోతాను. పట్టుకుంటే, నేను తెచ్చిన రొట్టె అందరికన్నా ముందు నువ్వు తినాలి."

"ఓస్, అంతేనా!"

"ఇంకోటుంది. నేనొక్కదాన్నే బడిపిల్లలా పరీక్ష రాయను. రుచి చూడ్డమంటే అయిదుగురూ చూడాలి. అది సంఘం పద్ధతి."

"జోసెట్, నా నాలుక ఇప్పటికే మొద్దుబారిపోయింది," అని గొణిగాడు గస్తోన్.

"నీ నాలుక ఎప్పుడు పదునుగా ఉందిలే. కూర్చో."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషితో వాదించడం ఎవరి తరం? అందరూ మళ్ళీ కూర్చున్నారు. కొరెంతెన్ తెర వెనక్కి వెళ్ళి గ్లాసులు నింపి తెచ్చాడు. ఒక్కొక్కరి పక్కనా ఉమ్మడానికి రంపపు పొట్టు పోసిన బకెట్టు ఉంది. ఉదయం నుంచి అన్ని వైన్లు మింగితే పన్నెండింటికి ఎవరూ కాళ్ళ మీద నిలబడరు.

మొదటి గ్లాసు. నలుగురూ పుక్కిలించారు, ఉమ్మారు. జోసెట్ ఎప్పట్లాగే అందరి తర్వాత గ్లాసు ఎత్తింది.

రెండో గ్లాసు ఎత్తాక గస్తోన్ తన కుక్క మోనిక్ కోడిని పట్టిన సంగతి మొదలుపెట్టాడు. మోనిక్ దెబ్బలాటకు దిగింది. "మీ గోల తర్వాత!" అని కొరెంతెన్ కసురుకున్నాడు.

మూడు, నాలుగు, అయిదు, ఆరు. పుక్కిలించడం, ఉమ్మడం, కాగితం మీద గీకడం. రుచి చూసే మిగతా ఇద్దరిలో బడి వంటావిడ నోరు కడుక్కుంది. రొట్టెల బట్టీ ఆయన గడియారం చూసుకున్నాడు.

జోసెట్ చివరి గ్లాసు కింద పెట్టి, కొంగలా మెడ నిక్కించి అందరినీ చూసింది. మనసులో బితుకుబితుకుమంటూనే ఉంది, కానీ ఆ మాట మొహం మీద ఎవడు చదవగలడు?

"రెండోది."

కొరెంతెన్ జేబులోంచి చీటీ తీశాడు. ఒకసారి చూశాడు, ఇంకోసారి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అదే," అన్నాడు. "నన్ను క్షమించండి. ఈ కుర్చీ మీదే. మీరున్నంత కాలం మీదే."

గస్తోన్ బల్ల గుద్ది ఈల వేశాడు. జోసెట్ కళ్ళు చెమర్చాయి. ముక్కు చీదుకుని, "రొట్టె పట్రండి, పందెం పందెమే!" అని అరిచింది.

మోనిక్ వసారాలోంచి బుట్ట తెచ్చింది. కొరెంతెన్ పెద్ద ముక్క కొరికి, నమలలేక, మింగలేక, వైన్ తాగి గొంతులోకి దించుకున్నాడు. "బాగుంది," అన్నాడు ఎటో చూస్తూ.

అందరూ వెళ్ళాక గస్తోన్ ఆవిడకు కోటు తొడిగి, మిగిలిన రొట్టెను తిరగేసి చూశాడు. అడుగంతా బొగ్గు.

"జోసెట్, వైన్ సంగతి సరే. ఇల్లంతా పొగ కమ్ముకునేలా ఇది మాడుతుంటే నీకు వాసన రాలేదూ?"

జోసెట్ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రెండేళ్ళ కిందటి జ్వరంలోనే నాకు వాసనా రుచీ రెండూ పోయాయి గస్తోన్. అప్పట్నుంచీ మీరు నలుగురూ ఏ గ్లాసు దగ్గర ఉమ్మడం మర్చిపోతారో, దానికే మార్కు వేస్తున్నాను."